నాలుగు రంగుల దేవుళ్లు

అనూరాధ టీచరు కుడిచెయ్యి విరిగింది ఒక శుక్రవారం పొద్దున్న, పది దాటి ఇరవై నిమిషాలకు. మూడు, నాలుగు తరగతుల పిల్లలు ముప్ఫై ఒక్కమంది చూస్తూనే ఉన్నారు. గొడవకు కారణం ఒక పిల్ల వేసిన బొమ్మ.

అనూరాధది పాయకరావుపేట అవతల, సముద్రం ఒడ్డున ఉండే పల్లె. తండ్రి లేడు. తల్లి చేపలమ్మి చదివించింది. నర్సీపట్నంలో కూరగాయల బజారు వెనకున్న ప్రాథమిక పాఠశాలలో ఆరేళ్లుగా పనిచేస్తోంది. వయసు ముప్ఫై నాలుగు. గొంతు పెద్దది, కోపం తొందరగా వస్తుంది. కానీ పిల్లల మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. చిన్నప్పుడు బళ్లో తిన్న బెత్తం దెబ్బలు ఆమెకింకా గుర్తే. ఉద్యోగంలో చేరిన రోజే కర్ర ముట్టుకోకూడదని నిర్ణయించుకుంది.

ఆ ఏడాది వేసవి శిక్షణలో ఎవరో పాప్ ఆర్ట్ గురించి చెప్పారు. చెప్పినాయన రెండు ముక్కలు చెప్పి వదిలేశాడు గానీ ఆమెకు అది పట్టుకుంది. ఫోన్లో వెతికి, రాత్రీ పగలూ చూసి, బడి తెరిచాక పిల్లలకు తన మాటల్లో చెప్పింది.

"బొమ్మంటే కొండలూ సూర్యుడూ కొబ్బరిచెట్టే ఉండాలని లేదర్రా. షాపులో వేలాడేది, గోడకి అంటించేది, రోజూ మీ కంటికి ఏది కనపడితే అది. దాన్నే పెద్దగా వెయ్యండి. ఒకటి కాదు, నాలుగుసార్లు వెయ్యండి. నాలుగుసార్లూ నాలుగు రంగులు. అసలు రంగు మాత్రం వాడకూడదు."

"ఆకుపచ్చ గుడ్డు ఎయ్యొచ్చాండీ?" అని ఒకడు అడిగాడు.

"వెయ్యి. ఊదారంగు గుడ్డు కూడా వెయ్యి."

పిల్లలు గోల గోలగా నవ్వారు. మర్నాడు చిప్సు కవర్లు, సబ్బు అట్టలు, తలనొప్పి మందు డబ్బాలు, అగ్గిపెట్టెలు, కాలిపోయిన చార్జరు ఒకటీ పట్టుకొచ్చారు. పెన్ను మూతలు రంగులో ముంచి బొమ్మ నిండా చుక్కలు ఎలా గుద్దాలో ఆమె చూపించింది. పాప్ ఆర్ట్‌లో చుక్కలు ముఖ్యం. వారం రోజులపాటు ఆ గదిలో బల్లలకూ చొక్కాలకూ పిల్లల ముక్కులకూ చుక్కలే.

నాలుగో తరగతి శ్రీదుర్గ మనిషి ముఖం వేసింది. మాట తక్కువ పిల్ల. తండ్రి గోవింద్ ఊళ్లో ఫ్లెక్సీలు కడతాడు. తల్లి బేబి జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. చార్టును నాలుగు గళ్లు చేసి, నాలుగింటిలోనూ ఒకటే ముఖం వేసింది శ్రీదుర్గ. కోరమీసం, కళ్లజోడు, నుదుట నిలువుబొట్టు. ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఊదా, ఒకటి నారింజ, ఒకటి నీలం. బుగ్గల మీదా నుదుటి మీదా చిక్కగా ఎర్రచుక్కలు.

అనూరాధ చూడగానే గుర్తుపట్టింది. ఊళ్లో ఎవరైనా గుర్తుపడతారు. అతని పేరు దేవుళ్లు, కంకర క్రషర్లూ, రోడ్డు కాంట్రాక్టులూ నడుపుతాడు. రాబోయే ఎన్నికల్లో నిలబడాలని చూస్తున్నాడు. ఏ జంక్షన్లో చూసినా నమస్కారం పెడుతూ ఫ్లెక్సీ మీద అతనే ఉంటాడు.

"ఈయన్నే ఎందుకు వేశావే?"

"మీరే సెప్పారు కదండీ, రోజూ కనపడేది ఎయ్యమని," అంది శ్రీదుర్గ. "మా ఇంటి కిటికీకి ఈయనే, మంచం కింద పరుసుకోడానికి ఈయనే, దొడ్లో తడిక్కి ఈయనే. వానొస్తే నెత్తి మీద ఈయన్నే కప్పుకుంటాం."

అనూరాధకు నవ్వాగలేదు. ఆ పిల్లకు తను చెప్పింది అర్థమైనట్టు తరగతిలో మరెవరికీ అర్థం కాలేదనిపించింది. బొమ్మను గోడకు సరిగ్గా మధ్యలో అంటించింది.

హెడ్మాస్టరు తాతాజీ గారు దాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. మరో ఏడాదిలో రిటైరవుతారు. గొడవలంటే ఆయనకు పడదు.

"అమ్మా, అది తీసీండి. ఆ మనిషి సంగతి మీకు తెల్దు."

"చిన్నపిల్ల బొమ్మండీ. ఇందులో ఏముంది?"

"ఏటుందో నాకూ తెల్దు. ఆడికేటి కనపడతాదో అది సూడాలి."

"మరి ఆ పిల్లకేం చెప్పి తియ్యమంటారు? బాగా వేశావు కాబట్టి తీసేస్తున్నాననా?"

తాతాజీ గారు తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్లిపోయారు. తరవాత ఆసుపత్రి మంచం మీద పడుకుని ఆమె ఈ మాటల్ని చాలాసార్లు తలుచుకుంది.

బుధవారం తల్లిదండ్రుల్ని పిలిచి బొమ్మలు చూపించారు. ఎవరో ఫోన్లో వీడియో తీశారు. తీసినవాళ్లు మంచికే తీశారేమో తెలియదు గానీ, గురువారం మధ్యాహ్నానికి అది దేవుళ్లంటే గిట్టనివాళ్ల చేతిలో పడింది. ఆ ఎర్రచుక్కల ముఖం దగ్గరగా చూపించి, "దేవుళ్లుకి అమ్మోరు పోసింది, ఏపమండలు తెండర్రా" అని వెనక నుంచి ఒక గొంతు, నవ్వులూ కలిపారు. సాయంత్రానికి ఆ వీడియో లేని ఫోన్ ఊళ్లో లేదు. ఆరోజే దేవుళ్లు ఒక పెళ్లికి వెళ్లాడు. భోజనాల దగ్గర ఒక ముసలాయన నిజంగానే నమ్మి, "ఒంట్లో ఎలాగుంది బాబూ, తగ్గిందా?" అని అడిగాడు. బంతిలో కూర్చున్నవాళ్లంతా విస్తళ్లలోకి తలలు వంచుకుని నవ్వారు. దేవుళ్లు విస్తరి ముందునుంచి లేచిపోయాడు.

శుక్రవారం ప్రార్థన అయ్యాక అనూరాధ ఎక్కాలు చెప్పిస్తోంది. బయట రెండు బళ్లూ ఒక ఆటో ఆగిన చప్పుడైంది. అయిదుగురు దిగారు. ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకున్నారు. ముందు నడిచేవాడిది నీలం చొక్కా, చేతిలో ఇనపరాడ్డు. మిగతావాళ్లవి ఫ్లెక్సీలు బిగించే సరుగుడు కర్రలు.

వరండాలో తాతాజీ గారు అడ్డం వెళ్లారు. "బాబూ, పిల్లలున్నారు..." అనేలోపు నీలం చొక్కావాడు ఆయన చెంప మీద కొట్టాడు. కళ్లజోడు ఎగిరి మెట్ల మీద పడింది. ఆయన దానికోసం వంగితే వెనకనుంచి ఇంకొకడు నడుం మీద తన్నాడు. ముందుకు పడి గడపకు తల తగిలింది. లేవలేకపోయారు.

తరువాత గదిలోకి వచ్చారు. మొదట టీవీ పగిలింది. తరవాత పుస్తకాల బీరువా అద్దాలు. మధ్యాహ్నం భోజనానికి తెచ్చిపెట్టిన గుడ్ల అట్టలు మూలనుంటే ఒకడు వాటిమీద ఎక్కి తొక్కాడు. పచ్చసొన గచ్చు మీద పారింది. పిల్లలు అరుస్తూ గోడవైపు పరిగెత్తారు. చిట్టితల్లి అనే మూడో తరగతి పిల్ల అరికాలిలో గాజుపెంకు దిగింది. ఆ పిల్ల కాలు పట్టుకుని అక్కడే కూలబడింది. ఒకడు దాన్ని దాటుకుంటూ గోడ దగ్గరికెళ్లి బొమ్మలన్నీ చింపసాగాడు. సబ్బు అట్టలు, అగ్గిపెట్టెలు, ఊదారంగు గుడ్డు, అన్నీ చిరిగి పడ్డాయి. నాలుగు ముఖాల చార్టును మాత్రం చింపకుండా ఊడదీసి నీలం చొక్కావాడి చేతికిచ్చాడు.

"ఇదెవుడేసాడ్రా?" అని వాడు తెలియనట్టు అరిచాడు.

 కొందరు పిల్లల చూపులు శ్రీదుర్గ వైపు తిరగడం అనూరాధ కనిపెట్టింది. ఒక్క అడుగు ముందుకేసి పిల్లలకు అడ్డంగా నిలబడింది.

"నేనే వేశాను," అంది.

"ఏ సేత్తో ఏసినావు?"

 ఇద్దరు ఆమెను పట్టుకుని బల్ల దగ్గరికి ఈడ్చారు. కుడిచెయ్యి లాగి బల్లమీద అదిమిపెట్టారు. ఆమె ఒకడి మోకాలి మీద తన్నింది, ఇంకొకడి మణికట్టు కొరికింది. వాడు ఆమె జుట్టు పట్టుకుని తలను బల్లకేసి కొట్టాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది.

గుమ్మం దగ్గర ఒకడు కర్ర పట్టుకుని ఊరికే నిలబడి ఉన్నాడు. నీలం చొక్కావాడు వాడి వైపు తిరిగాడు.

"నువ్వు రారా. బొమ్మకి సరుకు నీ ఇంట్లోంచే వచ్చింది కదా. నువ్వే కొట్టు."

"నాను కొట్నేనన్నా..."

"కొట్టకపోతే ఆ ఏసిందెవుత్తో ఇక్కడే లాగుతాను. సెప్పమంటావేటి?"

వాడు వచ్చాడు. తలకు చుట్టిన తువ్వాలు మధ్యనుంచి కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కళ్లు ఆమెను చూడలేదు, బల్లనే చూశాయి. కర్ర ఎత్తి కొట్టాడు. వేళ్ల మీద పడింది. ఆమె గట్టిగా అరిచింది. రెండోది అరచేతి వెనకవైపు పడింది. లోపల ఏదో పుటుక్కుమన్నది ఆమెకు వినపడింది.

"నాన్నా!"

గోడ దగ్గర్నుంచి శ్రీదుర్గ అరిచింది. కాళ్ల చెప్పుల్ని బట్టి గుర్తుపట్టిందో, కర్ర ఎత్తే తీరును బట్టో.  మిగతా నలుగురూ వాడి వైపు చూశారు. అనూరాధ తలెత్తి చూసింది. ఇక కొట్టడనుకుంది.

వాడు మూడో దెబ్బ కొట్టాడు. మొదటి రెండింటికన్నా గట్టిగా కొట్టాడు.

అప్పుడు వెనక తలుపులోంచి వంటమనిషి అప్పయమ్మ వచ్చింది. అరవై ఏళ్ల మనిషి. పొయ్యిమీద మరుగుతున్న గంజి గిన్నెను మసిగుడ్డతో పట్టుకుని వచ్చి నీలం చొక్కావాడి వీపు మీద కుమ్మరించింది. వాడు గొంతు చించుకుని అరుస్తూ చొక్కా పీక్కున్నాడు. తువ్వాలు కూడా ఊడిపోయింది. దేవుళ్లు వెనక ఎప్పుడూ తిరిగే మత్స్యలింగం అని గదిలో చాలామందికి తెలిసింది. అప్పయమ్మ ఖాళీ గిన్నెతోనే ఇంకొకడి ముఖం మీద కొట్టింది. బజారు వైపునుంచి జనం పరిగెత్తుకొస్తుంటే అయిదుగురూ బయటపడి పారిపోయారు.

*

ప్రభుత్వాసుపత్రిలో ఎక్స్‌రే తీసి, అరచేతిలో మూడు ఎముకలు, రెండు వేళ్లు విరిగాయన్నారు. ఆదివారం విశాఖపట్నం పంపి ఆపరేషన్ చేయించాలన్నారు. పైపెదవికి నాలుగు కుట్లు పడ్డాయి. పక్క వార్డులో తాతాజీ గారు తలకు కట్టుతో పడుకున్నారు.

మధ్యాహ్నం ఎస్సై వచ్చాడు. మత్స్యలింగం పేరు అప్పటికే రాసుకున్నాడు.

"చెయ్యి విరగ్గొట్టిందెవరో చెప్పగలరా మేడమ్?"

"ముఖానికి గుడ్డ చుట్టుకున్నాడండీ."

"ఎవరో పిల్ల నాన్నా అని అరిచిందంట కదా?"



"ముప్ఫై మంది పిల్లలండీ. భయమేస్తే అందరూ అమ్మా నాన్నా అనే అరుస్తారు."

ఎస్సై ఆమె వైపు అనుమానంగా చూసి, కాగితం మడుచుకుని వెళ్లాడు. ఎనిమిదేళ్ల పిల్లను నిలబెట్టి తండ్రి పేరు చెప్పించడం ఆమెకు ఇష్టం లేదు. అలాగని ఆ మనిషి మీద జాలీ లేదు. మూడో దెబ్బ తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు మండిపోతోంది.

ఆ సమయానికి గోవింద్ ఇల్లు చేరాడు. ఊరి చివర ఒకే గది రేకుల ఇల్లు అది. తాగి ఉన్నాడు. బళ్లో గొడవని తెలిసి బేబి ఫ్యాక్టరీ నుంచి పరిగెత్తుకొచ్చి, పిల్లకు అన్నం కలిపి పెడుతోంది.

గోవింద్ శ్రీదుర్గ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బళ్లో ఎవుర్ని సూసినావే?"

"నిన్ను."

చెంప మీద కొట్టాడు. అన్నం ముద్ద నోట్లోంచి కింద పడింది.

"ఎవుర్ని?"

"నిన్నే నాన్నా. టీసర్ని కొట్టినావు."

ఈసారి చెవి మీద పడింది. పిల్ల పక్కకు ఒరిగిపోయి గోడకు తగిలింది. బేబి మధ్యలోకి వస్తే ఆమె మెడ పట్టుకుని తోసేశాడు. "ఎవుర్నీ సూడ్నేదని సెప్పవే! సెప్పు! నేకపోతే నన్నట్టుకుపోతారు, ఆళ్లు నన్ను సంపేత్తారు," అని అరుస్తూ పిల్ల భుజాలు పట్టుకుని ఊపాడు. పిల్ల చెవిలోంచి సన్నగా రక్తం కారడం బేబి చూసింది.

ఆమె లేచి, పొయ్యి పక్కనున్న పచ్చడిబండ అందుకుంది. గోవింద్ తిరిగి చూసేలోపు అతని దవడ మీద కొట్టింది. రెండు పళ్లు రాలి అన్నం కంచంలో పడ్డాయి. అతను నోరు పట్టుకుని వెనక్కి జరిగాడు.

"ఇంకొక్క అడుగెయ్యి," అంది బేబి.  "బుర్ర పగలగొట్టీసి నానే టేసనుకి ఎల్తాను. పదకొండేళ్లు నన్ను కొట్టినావు, ఊరుకున్నాను. దాన్ని కొట్టినావు. బొమ్మేసినందుకు కొట్టినావు."

పిల్లను చంకనేసుకుని, బండ రెండో చేతిలోనే ఉంచుకుని నడిరోడ్డు మీద నడిచింది. పోలీసుస్టేషన్ గుమ్మం దాకా ఆ బండ వదల్లేదు.

"మా ఆయనే కొట్టాడండీ," అని ఎస్సైకి చెప్పింది. "పిల్ల సేత సెప్పించకండి. నాను సెప్తన్నాను, నన్ను రాసుకోండి. ఆడొక్కడే కాదు. పొద్దున్న ఆ మత్స్యలింగం మా ఇంటికొచ్చి దేవుళ్లు పంపాడని సెప్పి తీసుకెళ్లాడు. నాను ఇన్నాను."

"బాగా ఆలోచించుకున్నావా?"

"ఆలోసించే వచ్చాను బాబూ."

పోలీసులు వెళ్లేసరికి గోవింద్ ఇంట్లో లేడు. వీళ్లకన్నా ముందు దేవుళ్లు మనుషులు వెళ్లారు. బేబి స్టేషన్ మెట్లెక్కిన సంగతి దేవుళ్లుకు తొందరగానే చేరింది. గోవింద్ దొరికితే పేర్లు బయటపడతాయి. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఆటోస్టాండు వైపు వెళ్తున్న గోవింద్‌ను ఎక్కించుకుని, గొలుగొండ రోడ్డులో ఒక చెరకుతోటలోకి తీసుకెళ్లారు. పొద్దున్న బడికి తెచ్చిన కర్రలతోనే మోకాళ్ల కింద రెండు కాళ్లూ విరగ్గొట్టారు. ఎముక బయటికొచ్చేదాకా కొట్టారు. నోరు తెరిస్తే తరవాత పిల్ల వంతు అని చెప్పి వెళ్లిపోయారు. అతను మోచేతుల మీద పాకి గట్టు దాకా వచ్చి స్పృహ తప్పాడు. శనివారం తెల్లారాక చెరకు కొట్టేవాళ్లు చూసి ఆసుపత్రిలో చేర్చారు.

*

శనివారం మధ్యాహ్నం నర్సు మాటల్లో ఆ సంగతి అనూరాధకు తెలిసింది.  తరవాత విరిగిన చేతిని గుండెలకు ఆనించుకుని మగవాళ్ల వార్డుకు నడిచింది. తలుపు దగ్గర కానిస్టేబులు టీ తాగుతున్నాడు. టీచరుగారని గుర్తుపట్టి వెళ్లనిచ్చాడు.

గోవింద్ రెండు కాళ్లకూ బద్దలు పెట్టి కట్లు కట్టారు. దవడ వాచిపోయి ముఖం ఒకవైపు లాగేసినట్టుంది. ఆమెను చూడగానే లేవబోయి, చేతకాక మూలిగాడు.

"మేడమ్, పిల్ల ఎలాగుందండీ?" అన్నాడు. మాట స్పష్టంగా రావడం లేదు.

"ఎడమ చెవి వినపడటం లేదంట."

అతను కళ్లు మూసుకున్నాడు. అనూరాధ మంచం పక్కనే నిలబడింది. అడగడానికి వచ్చిన మాట ఒక్కటే.

"రెండు దెబ్బలు వాళ్లు బెదిరిస్తే కొట్టావు. మూడోది ఎందుకు కొట్టావు? పిల్ల నిన్ను పిలిచాక ఎందుకు కొట్టావు?"

 పక్క మంచం మీది ముసలాయన దగ్గుతున్నాడు.

"అందరూ నా ఏపు సూసారండీ," అన్నాడు చివరికి. "ఆ పిల్ల నాది కాదన్నట్టు... పిలిసింది నన్ను కాదన్నట్టు... కొట్టీసినాను."

అనూరాధ ఎడమచెయ్యి ముందుకెళ్లింది. తను ఏం చేస్తోందో ఆమెకు తెలుసు. అరచేతిని అతని మోకాలి కింద, కట్టు మీద ఆనించింది. తన బరువంతా మోపి నొక్కింది.

అతను పెట్టిన కేక వార్డంతా వినపడింది. ముసలాయన దగ్గు ఆగింది. ఆమె ఇంకా నొక్కింది. లోపల విరిగిన ఎముక జరగడం అరచేతికి తెలిసింది. అప్పుడు తీసింది. నర్సు పరిగెత్తుకొచ్చేసరికి ఆమె అడుగు దూరంలో నిలబడి ఉంది.

"ఏటైంది?" అంది నర్సు.

గోవింద్ ఒళ్లంతా చెమట పట్టింది. మిగిలిన పళ్లు కరుచుకుని, "ఏట్నేదు. కదిలాను, నొప్పెట్టింది," అన్నాడు.

అనూరాధ తన వార్డుకు వచ్చి బాత్రూములో వాంతి చేసుకుంది. ఎడమచెయ్యి సబ్బుతో ఎన్నోసార్లు కడిగింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, తల్లికి కూడా.

ఆ సాయంత్రమే గోవింద్ మేజిస్ట్రేటును పిలిపించమన్నాడు. శుక్రవారం పొద్దున్న దేవుళ్లు ఇంటి మేడమీద ఎవరెవరు కూర్చున్నారో, ఏమన్నారో, చెరకుతోటలో ఎవరు కొట్టారో అన్నీ చెప్పి వేలిముద్ర వేశాడు. పిల్ల కోసం చెప్పాడా, పగతో చెప్పాడా, లేక ఇక తనకు పోయేదేమీ లేదని చెప్పాడా అనేది అనూరాధకు ఎప్పటికీ తేలలేదు.

దేవుళ్లును సోమవారం అరెస్టు చేశారు. మత్స్యలింగం కాలిన వీపుతో తునిలో ఒక బంధువు ఇంట్లో బోర్లా పడుకుని దొరికాడు. దేవుళ్లు నెల తిరక్కుండా బెయిలు మీద వచ్చాడు. కేసు ఇంకా నడుస్తోంది. ఊళ్లో అతని ఫ్లెక్సీలు కొన్నాళ్లు కనపడలేదు. తరవాత మళ్లీ కట్టారు, కట్టే మనిషి మారాడు. గోవింద్ జైలునుంచి వచ్చాక కర్రల సాయంతో నడుస్తున్నాడని, రోడ్డుపక్క సెల్‌ఫోన్ కవర్లు అమ్ముకుంటున్నాడని విన్నారు.

బేబి అతన్ని మళ్లీ దగ్గరికి రానివ్వలేదు. పిల్లను తీసుకుని ఏటికొప్పాకలో అక్క ఇంటికి వెళ్లిపోయింది. అక్కడ లక్కబొమ్మలు చేసేవాళ్ల దగ్గర బొమ్మలకు నునుపు పట్టే పనికి కుదిరింది.

*

నాలుగు నెలల తరవాత అనూరాధ బడికి వెళ్లింది. ఆపరేషన్లో ఎముకలకు గుచ్చిన తీగలు అప్పటికే తీశారు. చూపుడువేలూ నడిమివేలూ సగమే ముడుచుకుంటాయి. బోర్డు మీద ఎడమచేత్తో వంకరటింకరగా రాస్తోంది. పిల్లలు నవ్వడం లేదు. ఆమె చెయ్యి కొంచెం పైకెత్తితే ముందువరసలో ఇద్దరు ముగ్గురు కళ్లు మూసుకుంటున్నారు. తాతాజీ గారు సెలవు పెట్టి వెళ్లినవారు మళ్లీ రాలేదు.

శ్రీదుర్గ బదిలీ పత్రం ఇంకా బళ్లోనే ఉంది. ఎవరూ వచ్చి తీసుకోలేదు. ఒక ఆదివారం అనూరాధ దాన్ని తీసుకుని బస్సెక్కింది.

బేబి అరుగు మీద కూర్చుని చెక్కబొమ్మలకు ఉప్పుకాగితం పడుతోంది. ఆమెను చూసి లేచింది, కుర్చీ తెచ్చింది, మజ్జిగ తెచ్చింది.  లోపల్నుంచి శ్రీదుర్గ వచ్చి, కుడిచెవి ఇటు తిరిగేలా తల కొంచెం పక్కకు పెట్టి నిలబడింది. ఎదిగింది. చిక్కింది.

"ఏమైనా బొమ్మలు వేస్తున్నావా?"

పిల్ల లేదన్నట్టు తలూపింది. ఆమె చేతిని చూస్తూ దగ్గరికొచ్చింది.

"నాను ఆ బొమ్మ ఎయ్యకపోతే మా నాన్న మిమ్మల్ని కొట్టీవోడు కాడు కదండీ?"

"బొమ్మ వెయ్యమంది నేను. గోడకి అంటించింది నేను. తియ్యమంటే తియ్యనిది నేను. నువ్వు వేసిన బొమ్మ చాలా బావుంది, శ్రీదుర్గా. అందులో నీ తప్పేం లేదు."

పిల్ల ఆ మాటను నమ్మాలా వద్దా అన్నట్టు చూసింది. మళ్లీ అడిగింది.

"ఆసుపత్రిలో మా నాన్నని సూసారా మీరు?"

"చూశాను."

"కాళ్లు నొప్పెడతన్నాయన్నాడా?"

బేబి చేతిలో ఉప్పుకాగితం ఆగింది. అనూరాధ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. ఈ పిల్ల ఆ రోజు తండ్రి ముందు నిజమే చెప్పింది, రెండుసార్లు చెప్పి రెండుసార్లూ దెబ్బ తింది. ఆ పిల్లకు అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

"నొప్పి పెట్టింది. నేనే పెట్టాను. కోపమొచ్చి, ఆ విరిగిన కాలి మీద చెయ్యేసి నొక్కాను. గట్టిగా అరిచాడు."

శ్రీదుర్గ కదలకుండా నిలబడింది. తల్లి వైపు చూసింది. 

"ఎన్నిసార్లండీ?"

"ఒక్కసారి."

 పిల్ల టీచరు ఎడమచేతిని రెండు చేతులతో పట్టుకుని, కుర్చీ చేతి మీద నుంచి తీసి ఆమె ఒళ్లో పెట్టింది.

"ఇంక కొట్టకండి," అంది.

"కొట్టను," అంది అనూరాధ.

బేబి బదిలీ పత్రం తీసుకుని, తడి తగలకుండా లోపల పెట్టెలో పెట్టి వచ్చింది. బస్సుకు ఇంకా గంట ఉంది. ఎండ తగ్గేదాకా కూర్చోమంది. అనూరాధ కూర్చుంది.